మెండెల్సన్ కన్చెర్టోలో కడెంజా చివర ఆర్కెస్ట్రాను అందుకోవడం ఎలా?

అమెరికాలో చదువుకుంటున్న నేను మా విశ్వవిద్యాలయం నిర్వహించిన కన్చెర్టో (ఒక సోలో వాద్యం ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) పోటీలో ఎంపికై, విద్యార్థుల ఆర్కెస్ట్రాతో కలిసి జర్మన్ స్వరకర్త మెండెల్సన్ ఇ మైనర్ వయొలిన్ కన్చెర్టో మొదటి భాగాన్ని వాయించబోతున్నాను. 1845లో లైప్‌జిగ్‌లో తొలిసారి వినిపించిన ఈ రచనలో కడెంజా (ఆర్కెస్ట్రా ఆగి, సోలో వాద్యం ఒక్కటే వాయించే ఘట్టం) మొదటి భాగం ముగింపు దగ్గర కాక నడుమనే వస్తుంది. దాని చివర సోలో వయొలిన్ కమానును నాలుగు తీగల మీదా ఎగిరిపడేలా నడుపుతూ ఉండగానే, ఆర్కెస్ట్రా మొదటి బాణీని మెల్లగా ఎత్తుకుంటుంది. అంటే అక్కడ నాయకత్వం నా చేతి నుంచి జారిపోయి, నేను పక్కవాద్యంగా మారాలి.

పియానోతో సాధన చేసేటప్పుడు ఇబ్బంది లేదు, ఎందుకంటే పియానో వాయించేవారు నా కోసం ఆగుతారు. ఆర్కెస్ట్రాతో రిహార్సల్ చేసినప్పుడు మాత్రం వెనక వరుసల్లోని ఫ్లూట్, ఓబో నాకు సరిగా వినిపించక, నా కమాను వేగం పెరిగిపోతోంది. చిన్నప్పుడు నేర్చిన కర్ణాటక వయొలిన్ వల్ల తాళం పట్టు ఉన్నా, కండక్టర్ చేతిని చూస్తూ వాయించే అలవాటు నాకు తక్కువ.

ఆ చోట కండక్టర్‌ను చూడాలా, మొదటి వయొలిన్లను వినాలా? కడెంజా చివరి బార్లలో (తాళపు విభాగాల్లో) వేగాన్ని ముందే స్థిరపరచి సూచన ఇవ్వడం నా బాధ్యతేనా? విద్యార్థుల ఆర్కెస్ట్రాతో సోలో వాయించినవారు, వాటిని నడిపించినవారు తమ సాధన పద్ధతిని దయచేసి వివరించగలరు.