మింట్ వేశాక వైఫై గుర్తే రాలా, ఇంట్లో నెట్ లేదు. డ్రైవర్ ఎట్టా ఎక్కించాలి?

కనిగిరి: అన్నా, పాత డెల్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 21 (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే) వేశా. వైఫై గుర్తే కనపడట్లేదు. ఊళ్ళో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ సిగ్నల్ కూడా మిద్దె మీదే. నెట్ సెంటర్‌కి పెన్‌డ్రైవ్ తీసుకుపోతే ఏం దించుకు రావాలి?

ఒంగోలు: ముందు ఏమీ దించబాక తమ్ముడూ. ల్యాప్‌టాప్ కంపెనీని బట్టి డ్రైవర్ రాదు, చిప్పు నంబర్ని బట్టి వస్తది. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, ఒక ఖాళీ, హైఫన్ ఎన్ఎన్‌కే కొట్టు, అన్నీ చిన్నక్షరాలే. నెట్‌వర్క్ కంట్రోలర్ వరసలో చదరపు బ్రాకెట్లో ఉండే నంబరు ఇక్కడ పెట్టు.

కనిగిరి: 14ఈ4:4365

ఒంగోలు: బ్రాడ్‌కామ్ బీసీఎం43142. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌తో వచ్చే బీ43 డ్రైవర్ దీనికి పనికిరాదు, డబ్ల్యూఎల్ మాడ్యూలే (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) గతి. నువ్వు మింట్ వేసిన పెన్‌డ్రైవ్‌లోనే ఉంది అది, ఎక్కడికీ పోనక్కర్లా. డ్రైవర్ మేనేజర్ తెరువు. నెట్ లేదంటది. ఆ పెన్‌డ్రైవ్ గుచ్చి, దాన్ని మౌంట్ చేసే బటన్ నొక్కు. జాబితాలో బీసీఎం‌డబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్ వస్తది, ఎంచుకో.

నెల్లూరు: ఇంకో దారి. ఫోన్‌లో డేటా ఉంటే యూఎస్‌బీ టెథరింగ్ (తీగతో ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టు, దానికి డ్రైవర్ అక్కర్లా. ల్యాప్‌టాప్ మిద్దె మీదికి మోసుకుపోవాల్సిందే. కొన్ని ఛార్జింగ్ తీగలు కరెంటే మోస్తయ్, డేటా మోయవు. ఫోన్లో టెథరింగ్ ఆప్షన్ వెలగకపోతే ముందు తీగ మార్చి చూడు.

కావలి: ఒంగోలు చెప్పిన డ్రైవర్ పేరులోనే సోర్స్ ఉంది, చూశావా? తయారైన మాడ్యూల్ కాదది, కట్టుకోవాల్సిన కోడ్. డీకేఎంఎస్ అనే టూల్ దాన్ని నీ మిషన్ మీదే కడతది. అందుకు జీసీసీ, మేక్ అనే కోడ్ కట్టే టూల్సూ, నీ కెర్నల్ హెడర్లూ (మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్ళు) ఉండాలి. యునేమ్ హైఫన్ ఆర్ కొడితే వచ్చే వెర్షనూ హెడర్ల వెర్షనూ చివరంకె దాకా ఒకటే కావాలి. 5.15.0-91 కెర్నల్‌కి 5.15.0-76 హెడర్లు పెడితే కట్టదు.
హెడర్లు లేకపోతే అప్పుడు నెట్ సెంటర్‌కి పో. మింట్ 21 కింద ఉండేది ఉబుంటు 22.04 (దాని ముద్దుపేరు జామీ), కాబట్టి జామీ ప్యాకేజీలే తెచ్చుకో. హెడర్లు రెండు ఫైళ్ళు: పేరు చివర జెనరిక్ ఉన్నదొకటి, లేనిదొకటి. ఆ రెండోదాన్ని చాలామంది వదిలేసి వస్తారు, మళ్ళీ బస్ ఛార్జీ దండగ. మనది ఇంటెల్ కదా అని ఏఎండీ64 అన్న ఫైల్ని పక్కన పెట్టబాక, ఇంటెల్ 64 బిట్‌కీ అదే. రెంటినీ ఒకే ఫోల్డర్లో పెట్టి, సుడో డీపీకేజీ హైఫన్ ఐ కమాండ్‌తో ఒకేసారి ఎక్కించు.
అయ్యాక డీకేఎంఎస్ స్టేటస్ కొట్టు. ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి. యాడెడ్ దగ్గరే ఆగితే కట్టలేదని అర్థం.

కనిగిరి: హెడర్లు ముందే ఉన్నాయి. ఇన్‌స్టాల్డ్ అనే వచ్చింది. కానీ మాడ్యూల్ ఎక్కించడానికి సుడో మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ కొడితే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటంది.

కావలి: సెక్యూర్ బూట్ అడ్డం, సంతకం కీ తనకు తెలియని మాడ్యూళ్ళని అది ఎక్కనివ్వదు. డ్రైవర్ ఎక్కేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టమని అడిగిందా? రీస్టార్ట్ చేస్తే నీలం తెర వస్తది, కాసేపే ఉంటది. వెంటనే ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (నీ కీని చేర్చే ఆప్షన్) ఎంచుకుని ఆ పాస్‌వర్డే కొట్టు. నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతది, కీ చేరదు. తెర దాటిపోయుంటే ఎఫ్2 నొక్కి బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపెయ్.

కనిగిరి: నీలం తెర వచ్చింది, కీ చేరింది. వైఫై జాబితా కనపడతంది అన్నా!

ఒంగోలు: మంచిది. ఇక కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు దాని హెడర్లు కూడా దిగినయ్యో లేదో చూసి రీస్టార్ట్ చెయ్. పాత కెర్నల్ తీసేయబాక. కొత్తదాంట్లో వైఫై పోతే గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ ఎంచుకునే జాబితా) పాతదాంట్లోకి పోయి నెట్ తెచ్చుకోవచ్చు.