చందాలేసుకుని బతకడం గొప్పా, సర్కారు ఎగ్గొట్టిన బాకీయా? (నైరోబీ నుంచి ఒక గొడవ)

నైరోబీ_లెక్కలు:
అందరికీ నమస్కారం. నైరోబీలో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, వచ్చి ఆరేళ్ళయింది. ఒక విషయం మీద ఇక్కడి మన తెలుగువాళ్ళతో రోజూ గొడవే, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా ఇంట్లో పనికొచ్చే ఆవిడ రెండ్రోజులు రాలేదు. (ఇక్కడ పెళ్ళైనావిడని పేరు పెట్టి పిలవరు, పెద్ద పిల్లాడి పేరు ముందు "మామా" అని పెట్టి పిలుస్తారు, మన ఊళ్ళో ఫలానావాడి అమ్మా అన్నట్టు.) మూడో రోజు నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. చూస్తే ఆవిడ చెల్లెలు ఒక ప్రైవేటాసుపత్రిలో పోయింది, బిల్లు 2,40,000 షిల్లింగులు, అది కడితేగానీ శవాన్ని ఇవ్వమన్నారు. షిల్లింగంటే మన 65, 70 పైసలు అనుకోండి. ఈవిడ జీతం 18,000.

ఇలా చందాలేసుకోడాన్ని ఇక్కడ హరాంబే అంటారు. గ్రూపులో 187 మంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ట్రెజరర్ లిస్టు పెడుతుంది, పేరు, ఎంత, కింద మొత్తం. చాలామంది 100 దగ్గరే ఆగారు, ఎందుకో తర్వాత తెలిసింది, ఎంపెసాలో (ఇక్కడ ఫోన్లో డబ్బు పంపే సర్వీసు) 100 దాకా పంపితే ఫ్రీ, 101 నుంచి 500 దాకా అయితే 7 షిల్లింగులు ఫీజు. మా వాచ్‌మన్ పేరు కూడా ఉంది, 100. ఒకాయన 50 పంపి మిగతాది శుక్రవారం అని రాశాడు, శుక్రవారం నిజంగానే పంపాడు. వీళ్ళు ఇలా కూడబెడుతుంటే అటు మార్చురీ మీటరు రోజూ తిరుగుతూనే ఉంది, అంటే వీళ్ళు పోసేదాంట్లో కొంత ఆ అద్దెకే పోతోంది. తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు రాత్రి శవం కకమేగా వైపు వాళ్ళూరికి బయల్దేరింది.

ఆఫీసులో చెప్తే అబ్బ ఎంత ఐకమత్యం, వీళ్ళని చూసి నేర్చుకోవాలి అన్నారు. మొదట్లో నేనూ అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్ళు మండుతోంది. బిల్లు కట్టలేదని మనిషిని ఆపి ఉంచడం తప్పని 2015లోనే ఇక్కడి హైకోర్టు చెప్పింది, కాన్పుకెళ్ళి ఇరుక్కుపోయిన ఇద్దరాడవాళ్ళ కేసులో. అయినా ఇదీ పరిస్థితి. ఈ చందాలు లేకపోతే జనం ఎప్పుడో రోడ్డెక్కేవాళ్ళేమో అని నా అనుమానం. మీరేమంటారు?

పొదుపులక్ష్మి_గుంటూరు:
బాబూ మీ బాధ అర్థమైంది గానీ కోపం తప్పు చోట చూపిస్తున్నారనిపిస్తోంది. నేను పద్నాలుగేళ్ళు డ్వాక్రా గ్రూపు లీడర్ని. ఆ 187 మంది లేకపోతే ఆ పిల్ల శవం ఇంకా అక్కడే ఉండేది కదా, అప్పుడు రోడ్డెక్కేవాళ్ళా? ఎవరూ ఎక్కరు, ఒంటరిగా ఉన్నోడు అప్పు చేస్తాడు లేదా ఏడ్చి ఊరుకుంటాడు. పదిమంది కూర్చున్న చోటే ఇదేంటి అని అడిగే నోరు పుడుతుంది.

వేడి_బజ్జీ:
హరాంబే అంటే అమెరికా జూలో కాల్చేసిన ఆ గొరిల్లా పేరనుకున్నా ఇన్నాళ్ళూ 😂 ఏదేమైనా ఆఫ్రికా దేశమంటేనే కరప్షన్, దీనికి అంత చర్చెందుకు

కరీంనగర్_పోరడు:
@వేడి_బజ్జీ అన్నా, ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాలు, ముందు గది సమజ్ చేస్కో. ఇగ కరప్షన్ అంటవా, మన దగ్గర పోరగానికి ఆపరేషన్ ఉంటే ఫొటో పెట్టి క్యూఆర్ కోడ్ పెట్టి ఫార్వర్డ్ చేస్తలేమా? మా ఇంటి గ్రూపుల ఈ నెల్ల మూడొచ్చినయి. నేను టోలిచౌకిల రూముల ఉన్నప్పుడు పక్క ఫ్లాట్ల ఆఫ్రికా స్టూడెంట్లు ఉండెటోళ్ళు, ఒకనికి ఫీజు తక్కువ పడితె అందరు తలా ఇంత ఏస్కునేది, వాళ్ళందరిది ఒక్క దేశం గూడ కాదు. కిరాయికి ఇల్లు అడిగితె మనోళ్ళు వాళ్ళ మొకం మీదనే తలుపు ఏసేది. గది యాదికుంచుకొని మాట్లాడు.

పన్ను_పీకుడు:
నేను నైరోబీ_లెక్కలు గారి వైపే, ఇంకా గట్టిగా చెప్తా. హరాంబే అంటే అందరూ కలిసి లాగండి అని, 1963లో స్వాతంత్ర్యం రాగానే జోమో కెన్యాట్టా ఇచ్చిన నినాదం, ఇప్పటికీ ఆ దేశ రాజముద్ర మీద ఉంటుంది. (రైల్వే పనికెళ్ళిన మన కూలీలు "హర్ అంబే" అనేవాళ్ళనీ అందులోంచి వచ్చిందనీ ఒక కథ చెప్తారు, అక్కడివాళ్ళు చాలామంది ఒప్పుకోరు, పోనీండి.) ఊళ్ళవాళ్ళే ఇటుకలు మోసి చందాలేసుకుని హరాంబే స్కూళ్ళు కట్టుకున్నారు. బానే ఉంది. తర్వాత ఏమైంది? కట్టుకోగలిగిన ఊరికి స్కూలొచ్చింది, కట్టుకోలేని ఊరికి రాలేదు. పైగా లీడర్లు వచ్చి మైకు ముందు నోట్ల కట్టలిచ్చి ఓట్లు కొనుక్కోవడం మొదలెట్టారు. రోడ్డు వెయ్యాల్సినవాడు చర్చికి పైకప్పు రేకులు దానం చేసి దేవుడైపోతాడు. పన్నుగా తీసుకుని హక్కుగా ఇవ్వాల్సిన దాన్ని దానంగా మార్చేశారు, ఇంతకంటే మోసం ఏముంది.

ఇంకో చోద్యం చెప్పనా, మీరు ఆ శవం కోసం 500 పంపితే 7 ఫీజు అన్నారే, ఆ ఫీజు మీద కూడా సర్కారుకి ఎక్సైజు పోతుంది. 2023లో దాన్ని 12 నుంచి 15 శాతం చేశారు. 2024 పన్నుల బిల్లులో 20 చేద్దామని చూశారు. ఆసుపత్రి ఇవ్వనోడు ఆసుపత్రి చందా మీద పన్నేశాడు!!

పొదుపులక్ష్మి_గుంటూరు:
పన్ను_పీకుడు గారూ మీరు చెప్పిందాంట్లో అబద్ధం లేదు గానీ సగమే చెప్పారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? రాత్రి బడికి అక్షరాలు దిద్దుకోడానికొచ్చిన ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని సారా కొట్టు మూయించారు, అది జిల్లాలు పాకి 93 అక్టోబరులో ప్రభుత్వమే సారా ఆపాల్సొచ్చింది. ఆ ఊపులోంచే పొదుపు లక్ష్మి గ్రూపులొచ్చాయి, రోజుకో రూపాయి అని. కూర్చోడం ముందు, అడగడం తర్వాత. మీరేమో కూర్చోడమే తప్పంటున్నారు.

అయితే ఒకటి ఒప్పుకుంటా. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ వాళ్ళు మా గ్రూపుల్లో దూరి ఒకరి కిస్తీ ఆగితే మిగతా తొమ్మిదిమందిని ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు, అప్పుడు ఇదే ఐకమత్యం ఉరితాడైంది. మా వీధిలోనే చూశా, ఆ సంగతి ఇక్కడ రాయను. అందుకే అడుగుతున్నా, అక్కడ గ్రూపు డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?

జోబర్గ్_శీను:
దక్షిణాఫ్రికా నుంచి, చిన్న మాట. ఇక్కడ దీన్ని స్టాక్‌వెల్ అంటారు, డిసెంబరు వస్తే గ్రూపు డబ్బుతో హోల్‌సేల్ షాపు ముందు పిండి బస్తాలు, నూనె డబ్బాలు పంచుకుంటుంటే చూడ్డానికి పండగలా ఉంటుంది. కానీ మా ఆఫీసులో కుర్రాళ్ళు ఇంకో మాట వాడతారు, బ్లాక్ ట్యాక్స్. మొదటి ఉద్యోగం వచ్చినోడి జీతంలో తమ్ముడి ఫీజు, మేనత్త మందులు, ఊళ్ళో అవ్వ ఇంటి రేకులు. వాడికి మిగిలేది బస్సు పాసు. ఐకమత్యం అని మనం మురిసిపోయేదాని బిల్లు ఎప్పుడూ కాస్త పైకొచ్చినవాడి మీదే పడుతుంది, బాగా ఉన్నవాడి మీద పడదు. నా ఓటు పన్ను_పీకుడు గారికే.

నైరోబీ_లెక్కలు:
పొదుపులక్ష్మి గారూ, మీరడిగారని పోయిన ఆదివారం ఆవిడతో కవాంగ్వారే (నైరోబీలోనే ఒక బీదల బస్తీ) వెళ్ళి వాళ్ళ చామా చూశా. (స్వాహిలీలో చామా అంటే సంఘం.) పద్నాలుగు మంది, ఒక రేకుల గది, ప్లాస్టిక్ కుర్చీలు చాలక ముగ్గురు పసుపు రంగు నీళ్ళ డబ్బాలు బోర్లించి కూర్చున్నారు. ఆ 20 లీటర్ల డబ్బా అక్కడ మామూలుగా 5, 10 షిల్లింగులు, నీళ్ళు రాని వారం 20. కుళాయి ఉన్న మా అపార్ట్‌మెంట్లో అంతకంటే చౌకగా వస్తాయి, అదో దరిద్రం.

మనిషికి వారానికి 500, మొత్తం 7,000, ఒక్కొక్క వారం ఒక్కొక్కరికి. మన చీటీ పాటలా పాడుకోరు, వరస ముందే రాసేసుకుంటారు. ఆలస్యంగా వస్తే 50 ఫైను, ఫోను మోగితే 20. లాయరమ్మలా ఉన్న ఒక కూరగాయలావిడ పుస్తకం చదువుతుంటే అందరూ తమ ఫోన్లో మెసేజి తీసి పక్కవాళ్ళకి చూపిస్తున్నారు, మాట కాదు, మెసేజే రుజువు. కంపెనీవాడు ఎవడూ లేడు అక్కా, డబ్బు వాళ్ళదే.

కానీ ఒకావిడ డబ్బు పంపగానే మొహం మాడ్చుకుంది. బయటికొచ్చాక మా ఆవిడ (అదే, మా ఇంట్లో పనిచేసే ఆవిడ, మా ఇంటావిడ ఇది చదువుతుంది బాబోయ్) చెప్పింది, ఆమె ఫులిజా మీద పంపిందట. అది ఎంపెసాలో ఓవర్‌డ్రాఫ్ట్, 2019లో వచ్చింది, ఖాతాలో లేకపోయినా డబ్బు పోతుంది, తీరేదాకా రోజువారీ ఫీజు పడుతుంది, తర్వాత ఎవరు ఏది పంపినా ముందు బాకీకే కొట్టేసుకుంటాడు. చామాలో మాట పోకూడదని యాప్‌లో అప్పు.

ఇన్సూరెన్స్ లేదా అని అడగబోతారు, చెప్తా. 2024 అక్టోబరులో పాత హెల్త్ ఫండు తీసేసి కొత్తది పెట్టారు. నాకు జీతంలో 2.75 శాతం కోసేస్తారు, తెలియను కూడా తెలియదు. ఆ కూరగాయలావిడలా నెల జీతం లేనివాళ్ళకి నెలకి కనీసం 300, కానీ పెట్టినప్పుడు ఏడాదిదంతా ఒకేసారి కట్టాలన్నారు. వారానికి 500 కోసం తల బద్దలుకొట్టుకునే మనిషి 3,600 ఒక్కసారి ఎక్కణ్ణుంచి తెస్తుంది? చామా పెట్టినోళ్ళకి తెలిసిన ఈ చిన్న లెక్క ఆ పథకం రాసినవాడికి తెలియలేదా?

పన్ను_పీకుడు:
చూశారా, నేను చెప్పిందే. ఎంపెసా పేదరికం తగ్గించిందని ఊదరగొడతారు, 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది, 1,94,000 కుటుంబాలు పేదరికంలోంచి బయటికొచ్చాయని. వచ్చుంటాయి, నేను కాదనను. అదే గొట్టంలోంచి తర్వాత అప్పు కూడా వచ్చింది. ఇక మీరంతా చందాలు చందాలు అని పాడుకోండి.

కరీంనగర్_పోరడు:
పీకుడు సార్, ఒక్కటి మర్శిపోతున్నరు. మీరన్న ఆ 2024 బిల్లు ఏమైంది? రొట్టె మీద 16 శాతం పన్ను అన్నరు, పోరగాండ్లు రోడ్ల మీదికొచ్చిన్రు, జూన్ 25న పార్లమెంటుల జొచ్చిన్రు, తెల్లారి ప్రెసిడెంట్ రూటో సంతకం పెట్టనన్నడు. శాన మంది సచ్చిన్రు, జూలై మొదటికే 39 మంది అని వాళ్ళ మానవ హక్కుల కమిషనే లెక్క చెప్పింది. మరి దెబ్బలు తాకినోళ్ళకు మందులు, సచ్చినోళ్ళకు ఖర్చులు ఏడికెళ్ళొచ్చినయి? ఆన్‌లైన్ల చందా పెడితె దగ్గరదగ్గర 3 కోట్ల షిల్లింగులు జమైనయి. గదే ఫోను, గదే వంద వంద. చందాలేస్కునుడు అలవాటు లేకపోతె గా ఉద్యమం మూడొద్దులు గూడ నిలవకపోవు.

ఇంకోటి, మీరన్న లీడర్ల నోట్ల కట్టలు. గా పోరగాండ్లు అది గూడ అడిగిన్రు, చర్చిల గీ పైసల తమాషా ఏందని. జూలైల రూటోనే సర్కారోళ్ళు హరాంబేలకు పోవద్దన్నడు. నవంబరుల నైరోబీ క్యాథలిక్ చర్చి ఆయనిచ్చిన చందానే వాపస్ చేసింది!

పొదుపులక్ష్మి_గుంటూరు:
అదీ మాట. తమ్ముడూ నువ్వు మా గ్రూపులోకి రా, పుస్తకం నీకే ఇస్తా 😄

పన్ను_పీకుడు:
చర్చి సంగతి నాకు తెలియదు, అది బాగుంది, ఒప్పుకుంటున్నా. అయినా రూటో వద్దన్న తర్వాత మళ్ళీ ఇవ్వబోయాడనే కదా దాని అర్థం, అందుకే నవంబరులో వాపసు చెయ్యాల్సొచ్చింది. పోనీ, నా మాట కొంచెం మారుస్తా. వంద వేసేవాళ్ళని అనను. వాళ్ళని చూపించి "చూడండి, మా జనం ఎంత గట్టివాళ్ళో" అని స్పీచులిచ్చేవాళ్ళనే అంటా.

నైరోబీ_లెక్కలు:
నేనూ అక్కడికే వచ్చాను, కోపం మాత్రం తగ్గలేదు. ఈ థ్రెడ్ అంతా ఆవిడకి నా వంకర స్వాహిలీలో చెప్పా. ప్రభుత్వం ఏం చెయ్యాలంటావు అనడిగితే నవ్వింది. స్వాహిలీలో సర్కారుని సెరికాలి అంటారు, దాన్ని విడగొట్టి "సిరి కాలి" అని ఒక జోకు, అంటే గట్టి రహస్యం, లోపల ఏముందో ఎవడికీ తెలియదని. మన తెలుగులో సిరి కాలి అంటే ఏమొస్తుందో చెప్పా, సిరి అంతా తగలబడి అని. గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది.

తర్వాత ఫోను తీసి ఇంకో గ్రూపులో చేర్చింది. ఈసారి చామాలో ఒకావిడ కొడుకుకి బోడాబోడా (అద్దె బైకు) యాక్సిడెంటు, ట్రెజరర్ ఈవిడే. నేను అక్కడే నిలబడి 500 కొట్టి పిన్ను నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒకేసారి పంపకు, వంద చొప్పున ఐదుసార్లు పంపు, ఆ ఏడు షిల్లింగులు వాళ్ళకెందుకు అంది. ఐదుసార్లు పంపా.