నాన్నకి రాసిన స్పెషల్ రక్తపరీక్ష సీజీహెచ్‌ఎస్‌లో వస్తుందా? (కావలి నుంచి కొత్తగా వచ్చాను)

కావలి – లీడ్స్:
అందరికీ నమస్కారం. లీడ్స్ వచ్చి పది వారాలైంది. మాది కావలి. నాన్న సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు, వయసు 68, సీజీహెచ్‌ఎస్ కార్డు ఉంది (సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఉండే వైద్య పథకం). రెండు నెలలుగా నడుంనొప్పి. హిమోగ్లోబిన్ చూస్తే 8.4. నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరుగారికి చూపిస్తే ‘మైలోమా ప్యానెల్’ అని రాసిచ్చారు, ఒక రకం రక్త క్యాన్సర్ ఉందేమో చూసే టెస్టులట. ల్యాబ్‌వాళ్ళు 11,400 అంటున్నారు, రక్తం ఇక్కడ తీసి చెన్నై పంపుతారట. ఇది కార్డు మీద వస్తుందా? వస్తే ఎంత వస్తుంది? నాన్న ‘కార్డుండగా డబ్బెందుకు కట్టాలి’ అని కదలడం లేదు. అమ్మకి ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పి చేయించాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు – బర్మింగ్‌హామ్:
ముందు నీ సంగతి చూసుకో తమ్ముడూ. జీపీ, అంటే మీ పేటలో ఉండే మామూలు డాక్టరు దగ్గర పేరు రాయించుకున్నావా? పది వారాలంటున్నావు, నూటికి తొంభైమంది రాయించుకోరు. వీసాకి హెల్త్ సర్‌ఛార్జీ ఏడాదికి 1,035 పౌండ్లు కట్టి వచ్చావు. మూడేళ్ళ వీసా అయితే 3,105. అంత కట్టి, జ్వరమొస్తే ఊరి నుంచి తెచ్చుకున్న డోలో వేసుకుని పడుకుంటారు మనవాళ్ళు. జీపీ రాస్తే రక్తపరీక్షకి ఇక్కడ పైసా అడగరు, ఎంత స్పెషల్ టెస్ట్ అయినా సరే. మందులకి మాత్రం చీటీలో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు.

సింగరాయకొండ – గ్లాస్గో:
అది మీ ఇంగ్లండులో. మా స్కాట్లాండులో మందులకీ కట్టక్కర్లేదు.

ఒంగోలు – బర్మింగ్‌హామ్:
ఏ విషయం మొదలెట్టినా నువ్వు ఇదొక్కటే చెబుతావేంది సామీ. వానలో తడిసి వచ్చిన జలుబుకి మందు ఫ్రీగా ఇవ్వకపోతే ఎట్ట మరి.

దర్గామిట్ట – స్లౌ:
అబ్బాయ్, వాళ్ళ మాటలు పక్కన పెట్టు. మా నాన్నగారు కూడా సెంట్రల్ గవర్నమెంటు పెన్షనరే. ఇందులో నేను మునిగి తేలినవాణ్ణి, ఓపిగ్గా చదువు.

కరోనా తగ్గాక మా నాన్నగారికి కీళ్ళు వాచాయి. డాక్టరు ‘ఆటో ఇమ్యూన్ ప్యానెల్’ అని రాశారు. అచ్చం నీకు రాసినట్టే. 9,600 కట్టాం. ల్యాబ్ బిల్లులో ఒకటే లైను, ‘ప్యానెల్ – 1 – 9,600’. నాన్నగారు ఆ బిల్లు, రిపోర్టు, కార్డు జిరాక్స్, క్యాన్సిల్ చేసిన చెక్కు అన్నీ పిన్ను కొట్టి పట్టుకెళ్ళారు. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది చెప్పను. కౌంటర్లో ఆయన బిల్లు వైపు కూడా చూడలేదు, రేట్ల లిస్టు ముందేసుకుని వేలితో కిందికంటా గీసుకుంటూ పోయి ‘ఈ పేరు ఇందులో లేదండీ’ అన్నాడు. అంతే. ప్యానెల్ అనేది ల్యాబ్‌వాడు అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు. సర్కారు లిస్టులో విడివిడి టెస్టులే ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు, ఒక్కో రేటు.

సరే, విడివిడిగా రాసివ్వమని ల్యాబ్‌కెళ్తే ‘సిస్టమ్‌లో ఒకే లైను వస్తుంది సార్’ అన్నారు. మళ్ళీ వెళ్ళారు. మేనేజర్ లేడు. మూడోసారి ఎండలో వెళ్తే, ఆ మేనేజరే పాపం తెల్లకాగితం మీద పెన్నుతో ఏడు టెస్టులు, పక్కన ఏడు రేట్లు రాసి గుండ్రటి ముద్ర కొట్టిచ్చాడు. అది పట్టుకెళ్తే కొత్త కొర్రీ: రాసింది ప్రైవేటు డాక్టరు కదా, మా డాక్టరు సంతకమేదీ? టెస్టు అయిపోయాక సంతకం ఎట్ట పెడతారండీ? ఏడు నెలల తర్వాత బ్యాంకులో 2,150 పడ్డాయి. ఆటోలకీ జిరాక్సులకీ పోను మిగిలింది ఎంతో నువ్వే లెక్కేసుకో.

కాబట్టి నీ పని వరస ఇదీ. పొగతోట చీటీ తీసుకుని నాన్నగారు ముందు నెల్లూరు వెల్‌నెస్ సెంటర్‌కి వెళ్ళాలి. మునుపు పోస్టల్ డిస్పెన్సరీ ఉండేదే, తర్వాత సీజీహెచ్‌ఎస్‌లో కలిసింది, పోస్టాఫీసాయన కాబట్టి దారి ఆయనకే తెలిసుంటుంది. అక్కడి డాక్టరు చేత ప్యానెల్ అని కాకుండా టెస్టుల పేర్లు విడివిడిగా రాయించుకోవాలి. ఆ కాగితంతో (దాన్నే రెఫరల్ అంటారు) ప్యానెల్లో ఉన్న ల్యాబ్‌కే వెళ్ళాలి (ఇది వేరే ప్యానెల్, సర్కారుతో ఒప్పందమున్న ల్యాబుల జాబితా. పేర్లు పెట్టినవాడెవడో గానీ). పెన్షనర్లకి అక్కడ చేతి డబ్బు పెట్టే పని లేదు, బిల్లు నేరుగా సర్కారుకి వెళ్తుంది. 75 దాటినవాళ్ళకైతే రెఫరల్ కూడా అక్కర్లేదు.

కందుకూరు – లెస్టర్:
70 అండీ, 75 కాదు. 2024లో మార్చారు. 70 నిండితే ఎంప్యానెల్డ్ హాస్పిటల్లో స్పెషలిస్టు దగ్గరికి రెఫరల్ లేకుండా నేరుగా వెళ్ళొచ్చు. కావలి తమ్ముడి నాన్నగారికి 68 కాబట్టి ఎట్టాగూ వర్తించదనుకోండి. ఆయనకి రెఫరల్ తప్పదు, అది మూడు నెలలు చెల్లుతుంది.

అన్నట్టు రేట్లు కూడా పాతవి కావు. 2014 నాటి లిస్టు పట్టుకుని ఇప్పటికీ వాదించేవాళ్ళు మన గ్రూపులో ఉన్నారు. 2025 అక్టోబర్ 13 నుంచి కొత్తవి. అక్రెడిటేషన్, అంటే నాణ్యత గుర్తింపు లేని ల్యాబులకీ హాస్పిటళ్ళకీ 15 శాతం తక్కువ ఇస్తారు. ఊరిని బట్టి కూడా తేడా ఉంది, హైదరాబాద్ కంటే నెల్లూరు రేటు తక్కువ, ఒంగోలు అంతకన్నా తక్కువ. రూముకి, ఆపరేషన్‌కి వార్డు క్లాసు చూస్తారు గానీ టెస్టులకి అది లేదు. ప్యూనుగా రిటైరైనా పెద్ద ఆఫీసరుగా రిటైరైనా రక్తానికి ఒకటే రేటు.

దర్గామిట్ట – స్లౌ:
75 అని మా నాన్నగారి కాగితంలోనే ఉంది. నా కళ్ళతో చూశాను.

కందుకూరు – లెస్టర్:
ఆ కాగితం ఏ సంవత్సరానిదో తేదీ చూడండి సార్.

దర్గామిట్ట – స్లౌ:
చూస్తాలే. నీది అసలు నెల్లూరు జిల్లానా, ప్రకాశమా? అది ముందు తేల్చుకుని రా.

కందుకూరు – లెస్టర్:
2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి మీలో కలిపారు. ఆ రోజు నుంచి జిల్లా అడిగితే ‘లెస్టర్’ అంటున్నాను.

ఉదయగిరి – రెడింగ్:
ఇంత గొడవెందుకు, ఆరోగ్యశ్రీ కార్డు మీద చేయించేస్తే పోలా? 25 లక్షల దాకా ఉంది కదా. 104కి ఫోన్ చేస్తే వాళ్ళే చెబుతారు.

ఒంగోలు – బర్మింగ్‌హామ్:
ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ.

ఉదయగిరి – రెడింగ్:
మాకు ఆరోగ్యశ్రీయే. 2007లో ఏ పేరుతో మొదలైందో ఆ పేరే. 2014 తర్వాత ఒకటి, 2019 తర్వాత ఒకటి, 2024 తర్వాత ఒకటి, ఎన్నని గుర్తుపెట్టుకోను?

సింగరాయకొండ – గ్లాస్గో:
రాజకీయం మొదలైతే అడ్మిన్‌గారు పోస్టుకే తాళం వేస్తారు, చూసుకోండి. విషయానికొస్తే, సెంట్రల్ పెన్షనరు, అందులోనూ సీజీహెచ్‌ఎస్ ఉన్నవాళ్ళు దానికి అర్హులు కారు. అర్హత ఉన్నవాళ్ళకైనా అది హాస్పిటల్లో చేర్చి చేసే వైద్యానికి ప్యాకేజీ. ఆ వైద్యంలో భాగమైన టెస్టులు ప్యాకేజీలోనే కలిసుంటాయి. బయట ల్యాబ్‌లో చేయించుకుని బిల్లు తెచ్చిస్తే ఎవరూ తీసుకోరు. మా పెదనాన్న ఇట్టాగే బిల్లు చేత్తో పట్టుకుని వైద్యమిత్ర డెస్కు ముందు ఒక పూటంతా కూర్చున్నాడు. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఈయనకే ఎక్కలేదు.

పామూరు – కోవెంట్రీ:
నేను ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో బయోమెడికల్ సైంటిస్టుని. డబ్బుల సంగతి అందరూ చెబుతున్నారు, టెస్టు సంగతి ఒక్కరూ మాట్లాడలేదు.

తమ్ముడూ, ఆ ప్యానెల్లో సాధారణంగా మూడుంటాయి. ఒకటి సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్. రక్తంలోని ప్రొటీన్లను కరెంటు పెట్టి విడదీస్తారు. మామూలుగా అయితే ఒక చివర పలచగా పరుచుకుని ఉండాల్సిన చోట, సన్నటి పదునైన గీత ఒకటి లేస్తే అనుమానం. రెండోది ఇమ్యునోఫిక్సేషన్, ఆ గీత ఏ రకమో చెబుతుంది. మూడోది ఫ్రీ లైట్ చైన్స్. ధర ఎక్కువగా ఉండేది సాధారణంగా దీనికే. మొదటిదాంట్లో ఏమీ కనపడని కొందరిలో జబ్బు దీంట్లోనే దొరుకుతుంది, కాబట్టి ఖర్చు చూసి ఇదొక్కటీ తీసేయించొద్దు. రెఫరల్ రాయించేటప్పుడు ఈ మూడు పేర్లూ రాయించండి, స్లౌ అన్నయ్య చెప్పిన ‘ప్యానెల్’ తంటా ఉండదు.

ఇంకో మాట. క్రియాటినిన్, కాల్షియం చూపించారా? నువ్వు రాయలేదు. ఈ రెండూ కావలిలోనే రేపు పొద్దున చేయించొచ్చు, కొద్ది డబ్బులతో పోయేవి. 68 ఏళ్ళాయనకి నడుంనొప్పితో పాటు హిమోగ్లోబిన్ 8.4 అంటే, సంతకం కోసం వారాలు ఆగే వ్యవహారం కాదు. ఆయన్ని నొప్పికి షాపులో బిళ్ళలు కొనుక్కుని వేసుకోవద్దని చెప్పు, కిడ్నీ మీద పడుతుంది. మా వైపు కిడ్నీ జబ్బుల సంగతి మీ అందరికీ తెలిసిందే.

దర్గామిట్ట – స్లౌ:
అమ్మాయి చెప్పింది నిజమే. అయితే ఒక రోజు అడ్మిట్ చేయించెయ్. అడ్మిషన్లో అయితే టెస్టులన్నీ అందులోనే వెళ్ళిపోతాయి.

పామూరు – కోవెంట్రీ:
అన్నయ్యా, అవసరం లేని అడ్మిషన్ రాయమని ఏ డాక్టరునీ అడగొద్దు. రేపు ఎముక మజ్జ పరీక్షకో, రక్తం ఎక్కించడానికో నిజంగా చేర్చాల్సి వస్తే అది వేరే సంగతి.

దర్గామిట్ట – స్లౌ:
నేను దొంగ అడ్మిషన్ అనలేదమ్మా.

ఒంగోలు – బర్మింగ్‌హామ్:
అన్నారు సార్. పైకి జరిపి చూసుకోండి.

కందుకూరు – లెస్టర్:
ఒక విషయం మిగిలిపోయింది. ఈ మూడింటిలో ఏదైనా లిస్టులో లేకపోతే కొట్టేస్తారని భయపడొద్దు. లిస్టులో లేనిదానికి ముందుగా పర్మిషన్ తీసుకోవాలి. సీజీహెచ్‌ఎస్ రేటు లేనప్పుడు ఎయిమ్స్ రేటు చూస్తారు. పర్మిషన్ కాగితం మీద తేదీ, రక్తం తీసిన తేదీ కంటే ముందుండాలి. అసలు కిటుకంతా ఆ తేదీలోనే ఉంది. స్లౌ సార్ దెబ్బతిన్నదీ అక్కడే.

అల్లూరు – కార్డిఫ్:
నేను ఎక్కువగా రాయను, కానీ పొద్దుట్నుంచి చదువుతున్నాను, ఒక్కరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నాను. కావలి తమ్ముడూ, నాన్నగారికి పెన్షన్‌తో పాటు నెలకి వెయ్యి రూపాయలు ఎఫ్‌ఎంఏ, అంటే ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్స్ వస్తోందా? కావలిలో వెల్‌నెస్ సెంటర్ లేదు, నెల్లూరు 50 కిలోమీటర్లకి పైనే. అట్టాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళు చాలామంది అది పెట్టుకుంటారు. మా అత్తగారు అట్టాగే పెట్టుకున్నారు. ఎఫ్‌ఎంఏ తీసుకుంటుంటే కార్డు హాస్పిటల్లో చేరినప్పుడే పనిచేస్తుంది. ఓపీ ఉండదు. ఓపీలో రాసిన టెస్టులూ ఉండవు. ఆ నెలనెలా వెయ్యే ఓపీకి ఇచ్చినట్టు లెక్క.

దర్గామిట్ట – స్లౌ:
అవునుస్మీ.

కావలి – లీడ్స్:
అందరికీ థాంక్స్. ఇప్పుడే అమ్మకి వీడియో కాల్ చేశాను. నాన్న ఏ కాగితమూ పారేయరు, రిటైరైనప్పుడు తెచ్చుకున్న ఖాకీ సంచిలో సంవత్సరాల వారీగా దారం కట్టి ఉంటాయి. అమ్మ పెన్షన్ స్లిప్పు ఫోనుకి అడ్డంగా పెట్టింది, తలకిందులుగా. తిప్పించి చదివితే మూడో లైను: ఎఫ్‌ఎంఏ – 1,000. కార్డిఫ్ అన్న అడిగిందే.

నాన్నని అడిగితే ‘అవును, నెల్లూరు పోయి లైన్లో నిలబడి బిళ్ళలు తెచ్చుకునే ఓపిక లేక నేనే రాసిచ్చా’ అన్నారు. మరి ఇన్నాళ్ళూ కార్డుంది కార్డుందని ఎందుకన్నారంటే సమాధానం లేదు.

అల్లూరు – కార్డిఫ్:
ఎఫ్‌ఎంఏ వదులుకుని ఓపీకి మారొచ్చు తమ్ముడూ. కానీ ఆ మార్పు ఒక్కసారే ఇస్తారు, ఆలోచించి చేయండి. ఇక నుంచి నెలనెలా టెస్టులు, మందులు ఉండేట్టయితే ఏడాదికి వచ్చే పన్నెండు వేలు ఏ మూలకి? రిపోర్టు వచ్చాక దాన్ని బట్టి చూసుకోండి. ఈ 11,400 మాత్రం చేతి నుంచి పోయినట్టే. రేపు హాస్పిటల్లో చేరాల్సి వస్తే కార్డు పనిచేస్తుంది, ఎమర్జెన్సీ అయితే రెఫరల్ కూడా అడగరు.

పామూరు – కోవెంట్రీ:
ప్యానెల్‌గా కాకుండా మూడు టెస్టులూ విడిగా ఎంతవుతాయో ఇంకో రెండు ల్యాబుల్లో అడిగించు. చేతి డబ్బే పెడుతున్నప్పుడు ఎక్కడైనా చేయించొచ్చు. కాల్షియం మర్చిపోవద్దు.

కావలి – లీడ్స్:
అక్కా, ఈ రోజు పొద్దున మా బావ బండి మీద తీసుకెళ్ళి రక్తం ఇప్పించాడు. రెండో ల్యాబ్‌లో మూడూ కలిపి 8,900 అయింది. బిల్లు విడివిడిగా మూడు లైన్లలో ఇచ్చారు. కాల్షియం, క్రియాటినిన్ సాయంత్రానికి వస్తాయి, మిగతావి నాలుగు రోజులట. ఎఫ్‌ఎంఏ తీసేద్దామా అని నాన్నని అడిగాను. ‘రిపోర్టు రానీ, అప్పుడు చూద్దాం. ఆ వెయ్యి నాది’ అన్నారు. జీపీ ఫారం కూడా నింపాను, బర్మింగ్‌హామ్ అన్నా.