టీవీ మీద ‘డిజిటల్’ అని ఉంటే సెట్‌టాప్ బాక్సు అక్కర్లేదా?

చంద్రగిరి వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పాకాల దగ్గర పల్లెలో ఉంటున్న మా అవ్వకు టీవీ కొనాలి. ఆమె దగ్గర పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంది కానీ మిద్దె మీది యాంటెన్నాకు దూరదర్శన్ రావడం మానేసి చాలా కాలమైంది. నెలనెలా రీచార్జి చేసిపెట్టే మనుషులు అక్కడ లేరు. ఆమెకు కావలసింది సప్తగిరి చానల్, వార్తలు, వీలైతే ఎస్వీబీసీలో స్వామివారి కల్యాణోత్సవం.

తిరుపతి గాంధీ రోడ్డులో కొన్ని దుకాణాలు చూశాను. ఒక టీవీకి ‘డిజిటల్ టీవీ’ అని వెండిరంగు స్టిక్కరు ఉంది. మరొకదానికి ‘హెచ్‌డీ రెడీ’ అని ఉంది. ఇంకొక అట్టపెట్టె మీద ‘డీవీబీ-టీ2/సీ/ఎస్2’ అని రాశారు. అమ్మే అబ్బాయిని అడిగితే మూడింటికీ ఒకటే జవాబు: “డిజిటల్ కదా మేడమ్, అన్నీ లోపలే ఉంటాయి, బాక్సు అక్కర్లేదు.” పైగా అమెరికాలో ఉన్న మా అన్న, వచ్చేటప్పుడు అక్కడి టీవీ ఒకటి తెస్తానంటున్నాడు. వీటిలో దేన్ని నమ్మి డబ్బు పెట్టాలి?

పుత్తూరు పాఠకుడు:

అక్కా, ఏ టీవీ కొన్నా చివరికి బాక్సు పెట్టక తప్పదు. స్టిక్కర్ల గురించి ఆలోచించకుండా ధర చూసి కొనేయండి.

చిత్తూరు టీవీ మెకానిక్:

తమ్ముడు చెప్పింది కేబుల్ ఉన్న ఇంటికి సరిపోతుంది, ఈ అవ్వగారి ఇంటికి సరిపోదు. కొంచెం వివరంగా చెబుతాను.

మేడమ్, ముందు భాగంలో మెరిసే స్టిక్కర్లను చదవడం ఆపి, అట్టపెట్టె పక్కన గానీ మాన్యువల్ చివర గానీ చిన్న అక్షరాలలో ‘ట్యూనర్’ లేదా ‘టీవీ సిస్టమ్’ అని ఉండే వరుసను వెతకండి. మీకు జవాబు దొరికేది అక్కడే. ‘డిజిటల్ టీవీ’ అనే మాటకు దుకాణంలో కచ్చితమైన అర్థం లేదు. తెర డిజిటల్ కావచ్చు, లోపలి చిప్పు డిజిటల్ కావచ్చు, ప్రసారాన్ని అందుకునే ట్యూనర్ మాత్రం పాత అనలాగ్‌దే కావచ్చు. ‘హెచ్‌డీ రెడీ’ సంగతీ ఇంతే. 2005లో యూరప్ తయారీదారుల సంఘం ఆ గుర్తును తెచ్చినప్పుడు, కనీసం 720 గీతల తెర, హెచ్‌డీ సంకేతాన్ని తీసుకునే సాకెట్లు ఉంటే చాలన్నారు. లోపల ట్యూనర్ ఉండాలన్న షరతు అందులో లేదు. మన దుకాణాలలో ఆ మాటకు 1366 × 768 తెర అనే అర్థం స్థిరపడింది. నక్షత్రాల లేబుల్ కరెంటు ఖర్చుకు సంబంధించినది. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ నంబరు టీవీ భద్రతకు సంబంధించినది. రెండూ చూడవలసినవే, కానీ మీ ప్రశ్నకు అవి జవాబు చెప్పవు.

ఇక డీవీబీ అంటే డిజిటల్ టీవీ ప్రసార పద్ధతి, దాని తర్వాత వచ్చే అక్షరాలు ప్రసారం ఏ దారిన వస్తుందో చెబుతాయి. టీ2 అంటే నేల మీది టవరు నుంచి వచ్చే డిజిటల్ ప్రసారం, పాత యాంటెన్నా పద్ధతి. 2016 ఫిబ్రవరి 25న దూరదర్శన్ 16 నగరాలలో ఈ పద్ధతి మొదలుపెట్టింది. మనకు దగ్గరలోని చెన్నై, బెంగళూరు ఆ జాబితాలో ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ ఊరు ఒక్కటీ లేదు. ఆ టవర్ల ప్రసారం పాకాల దాకా అందదు. అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కూడా 2022 మార్చి నాటికి దేశమంతటా దాదాపు అన్నింటినీ ఆపేశారు, వ్యూహాత్మక అవసరాల కోసం ఓ 50 మాత్రం ఉంచారు. అవ్వగారి మిద్దె మీది యాంటెన్నాకు ఏమీ రాకపోవడానికి కారణం ఇదే, టీవీ చెడిపోలేదు. అందువల్ల టీ2 ఒక్కటే ఉన్న టీవీ ఆమెకు ఉపయోగపడదు.

సీ అంటే కేబుల్. ఇక్కడే చాలామంది తికమకపడతారు. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి దేశమంతా నాలుగు దశల్లో డిజిటల్ కేబుల్‌కు మార్చారు. తిరుపతి, చిత్తూరు వంటి పట్టణాలు మూడో దశలో, పల్లెలు నాలుగో దశలో ఉన్నాయి. గడువులు పొడిగించగా పొడిగించగా చివరికి పట్టణాలకు 2017 జనవరి 31, పల్లెలకు 2017 మార్చి 31 అయ్యాయి. అప్పటి నుంచి కేబుల్ చానళ్లు సంకేతలిపిలో వస్తాయి, ఆపరేటర్ ఇచ్చిన బాక్సులోని కార్డో చిప్పో వాటిని విప్పాలి. టీవీలో కేబుల్ ట్యూనర్ ఉన్నమాట నిజమే అయినా బాక్సు లేకుండా బొమ్మ రాదు. స్టిక్కరులో అబద్ధం ఉండదు, కొన్నవారికి నష్టం మాత్రం తప్పదు.

మీకు కావలసింది ఎస్2, అంటే ఉపగ్రహ ట్యూనర్. అది లోపలే ఉంటే డిష్, దాని ముందు సంకేతాన్ని పట్టి టీవీకి పంపే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరం, ఒక కేబుల్ వైరు చాలు. దూరదర్శన్ వారి ఉచిత ఉపగ్రహ సేవ డీడీ ఫ్రీ డిష్‌లో నెలవారీ చందా లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఉపగ్రహ ట్యూనర్ ఉన్న టీవీల కోసం ఐఎస్ 18112:2022 అనే ప్రమాణాన్ని ప్రకటించింది, బాక్సు లేకుండా ఉచిత చానళ్లు చూడగలగాలన్నదే దాని ఉద్దేశం. ఆ నంబరు కనబడితే ధైర్యంగా తీసుకోండి. కాకపోతే ప్రమాణం ఉన్నంత మాత్రాన దుకాణంలోని ప్రతి టీవీ దానికి తగినట్టు తయారైందని అనుకోవద్దు. వెనక్కి తిప్పించి చూడండి. స్క్రూలాగా తిప్పి బిగించే సాకెట్ ఉపగ్రహానిది, నేరుగా గుచ్చే సాకెట్ యాంటెన్నాది లేదా కేబుల్‌ది. గుచ్చేది ఒక్కటే ఉన్న టీవీకి సాధారణంగా ఉపగ్రహ ట్యూనర్ ఉండదు.

పలమనేరు ఉపాధ్యాయిని:

అన్నగారు బాగా విడమరచి చెప్పారు. స్టిక్కరు విషయంలో నాకు ఎప్పటి నుంచో ఒక బాధ ఉంది, ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. మన స్టిక్కర్లన్నీ టీవీలో ఏముందో చెబుతాయి, ఏమి లేదో ఒక్కటీ చెప్పదు.

అమెరికాలో అనలాగ్ ప్రసారాలు ఆపేముందు దీని గురించి గట్టిగా ఆలోచించారు. 2007 మార్చి 1 నుంచి అనలాగ్ ట్యూనర్ మాత్రమే ఉన్న టీవీలను దిగుమతి చేయకూడదని, రాష్ట్రాల మధ్య రవాణా చేయకూడదని నిషేధించారు. అప్పటికే దుకాణాలలో ఉన్న సరుకును అమ్ముకోవచ్చు. ప్రమాదమంతా ఆ మిగిలిన సరుకులోనే ఉంది, తక్కువ ధరకు వస్తుందని కొనేది డబ్బు లేనివారే కదా. అందుకని 2007 మే 25 నుంచి అలాంటి ప్రతి టీవీ పక్కనా దుకాణదారు ఒక ప్రకటన పెట్టాలని అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ నియమం చేసింది. ఇందులో అనలాగ్ ట్యూనర్ మాత్రమే ఉంది, 2009 ఫిబ్రవరి 17 తర్వాత యాంటెన్నాతో చూడాలంటే కన్వర్టర్ బాక్సు కావాలి, కేబుల్, ఉపగ్రహ సేవలతో మాత్రం మామూలుగా పనిచేస్తుంది అన్నది దాని సారాంశం. ఇంటర్నెట్‌లో అమ్మేవారూ ఆ మాటలు చూపించాలి. పాటించని పెద్ద దుకాణాలకు 2008లో జరిమానాలు పడ్డాయి. బాక్సు కొనుక్కోవడానికి ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు కూడా ప్రభుత్వం ఇచ్చింది. తీరా తేదీ 2009 జూన్ 12కు వాయిదా పడింది. లేబుల్‌లోని తేదీ పాతబడింది గానీ హెచ్చరిక పాతబడలేదు.

జపాన్‌లోనూ అనలాగ్ టీవీల మీద ఈ ప్రసారాలు 2011లో ఆగిపోతాయని చెప్పే స్టిక్కర్లు అతికించారు. బ్రిటన్ మరో దారి పట్టింది, మార్పు తర్వాత కూడా పనిచేసే పరికరాలకు ఒక టిక్ గుర్తు ఇచ్చింది. నాకు అమెరికా పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. గుర్తు లేని టీవీ ముందు నిలబడిన పెద్దావిడకు ఆ గుర్తు ఉండాలన్న సంగతే తెలియదు. ‘ఇది మీకు పనిచేయదు’ అని ఎదురుగా రాసి ఉంటే చదువు వచ్చినవారు ఎవరైనా చదివి చెప్పగలరు. మన దగ్గర పట్టణాలు డిజిటల్ కేబుల్‌కు మారినప్పుడు గానీ, దూరదర్శన్ టవర్లు ఆగినప్పుడు గానీ దుకాణాలలో అలాంటి కాగితం ఒక్కటీ నాకు కనబడలేదు. కనీసం ఇప్పుడైనా ‘ఉపగ్రహ ట్యూనర్ లేదు’ అన్న రెండు మూడు మాటలు ట్యాగు మీద రాయడానికి దుకాణదారులకు ఖర్చేమీ కాదు.

చంద్రగిరి వాసి:

అక్కా, అన్నగారూ, ధన్యవాదాలు. అమెరికా టీవీ సంగతి తేల్చండి. ఇంకొక అనుమానం, మా వైపు కొండలున్నాయి, డిష్‌కు అడ్డం రావా?

చిత్తూరు టీవీ మెకానిక్:

అమెరికా టీవీ వద్దని అన్నయ్యకు చెప్పండి. అక్కడి ట్యూనర్ ఏటీఎస్‌సీ పద్ధతిది, ఇక్కడి ఏ ప్రసారాన్నీ అందుకోదు. వెనక లేబుల్‌లో 120 వోల్టులు మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టులకు నేరుగా తగిలించగానే కాలిపోతుంది. 100 నుంచి 240 అని ఉన్నా ఇంకో చిక్కు ఉంది. మన బాక్సులు సెకనుకు 50 చొప్పున బొమ్మలు పంపుతాయి, అక్కడి కొన్ని టీవీలు హెచ్‌డీఎంఐలో కూడా 60 తప్ప తీసుకోవు. వారంటీ కూడా ఇక్కడ చెల్లదు.

కొండల గురించి దిగులు వద్దు. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. మన ప్రాంతం నుంచి డిష్ ఆగ్నేయానికి, దాదాపు 67 డిగ్రీల ఎత్తుకు చూడాలి. అంత పైకి చూస్తుంది కనుక దూరపు కొండలు అడ్డం కావు. తిరుపతిలోనైతే శేషాచలం ఉత్తరాన ఉంది, డిష్ దానికి వీపు పెట్టి ఉంటుంది. చూసుకోవలసింది ఇంటి పక్కనే ఆగ్నేయంలో ఉన్న కొబ్బరి చెట్టు, పక్కవారి నీళ్ల ట్యాంకు. టీవీ మెనూలో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600 అని పెట్టి, ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్ చేయించండి. బాక్సు లేనప్పుడు ఆ కరెంటు టీవీయే ఇవ్వాలి. చాలా ఇళ్లలో ‘సిగ్నల్ లేదు’ అని పిలిస్తే వెళ్లి నేను చేసే పని ఇదొక్కటే.

చానళ్ల గురించి ఒక మాట. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్ల చోటును ప్రసార భారతి వేలంలో ఇస్తుంది, జాబితా మారుతూ ఉంటుంది. కొనే రోజున ఆ జాబితా చూడండి. కల్యాణోత్సవం తప్పకుండా కావాలంటే ఇంటర్నెట్ ఉన్న టీవీలో యూట్యూబ్‌లో ఎస్వీబీసీ ప్రత్యక్ష ప్రసారం వస్తుంది, కానీ దానికి నెట్ ఖర్చు వేరు.

పలమనేరు ఉపాధ్యాయిని:

బిల్లు సంగతి మరిచిపోవద్దు. మోడల్ నంబరుతో పాటు ‘లోపలే ఉపగ్రహ ట్యూనర్ ఉంది’ అని బిల్లు మీద రాయించి సంతకం తీసుకోండి. రాయడానికి వెనకాడితే ఆ టీవీలో అది లేదనుకోండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. తేడా వస్తే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. దుకాణం ఎక్కడున్నా, కొన్నవారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలు ఆ చట్టంలో ఉంది.

పుత్తూరు పాఠకుడు:

నేను తొందరపడి జవాబిచ్చినా మంచి విషయాలు తెలిశాయి. మరి పాత పిక్చర్ ట్యూబ్ టీవీ బాగానే ఉందంటున్నారు కదా, కొత్తది కొనకుండా దానికే ఫ్రీ డిష్ పెట్టలేమా?

చిత్తూరు టీవీ మెకానిక్:

పెట్టవచ్చు తమ్ముడూ, ఖర్చు తక్కువ కూడా. టీవీ వెనక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు ఉంటే చాలు, వాటికి సరిపడే ఏవీ అవుట్‌పుట్ ఉన్న ఫ్రీ డిష్ బాక్సు తీసుకోవాలి. హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్న బాక్సు ఆ టీవీకి తగలదు. బాక్సు మీద ఎంపెగ్-4 అని ఉండాలి, అది బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి, ఎంపెగ్-2 మాత్రమే తీసుకునే పాత బాక్సులలో ఎంపెగ్-4 పద్ధతిలో వచ్చే చానళ్లు కనబడవు. మేడమ్, అవ్వగారి టీవీ వెనక భాగం ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, సాకెట్లు చూసి ఏ బాక్సు సరిపోతుందో చెబుతాను.