ఆరేళ్ల పాపకు కఫం రావడం లేదు, మలంతో క్షయ పరీక్ష చేయించవచ్చా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా ఆరేళ్ల పాపకు మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. నిరుడు మా మామగారు క్షయకు ఆరు నెలలు మందులు వాడారు, అందుకే భయం.

కఫం పట్టమని మూత డబ్బా ఇచ్చారు. పాప దగ్గుతుంది, వచ్చిందంతా మింగేస్తుంది. రెండు ఉదయాలు కూర్చోబెడితే డబ్బా అడుగున కాస్త ఉమ్మి, అంతే. ఇప్పుడు పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీస్తామంటున్నారు. మింగిన కఫం అక్కడికే చేరుతుంది కదా, సబబే. కానీ సూది చూస్తేనే వీధంతా వినిపించేలా ఏడ్చే పిల్ల!

పదేళ్ల లోపు పిల్లలకు మలం నమూనాతోనూ ఎక్స్‌పర్ట్ అల్ట్రా (క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని యంత్రంలో గుర్తించే) పరీక్ష చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఉంది. ఆ మాట అడిగితే "కఫమే కావాలి" అన్నారు.

విశాఖలో ఎవరైనా పిల్లలకు ఇలా చేయించారా? ఆ పరీక్ష చేసే సీబీనాట్ యంత్రం ఉన్న చోటల్లా మలం తీసుకుంటారా? నాలుకను పుల్లతో తుడిచి తీసే నమూనా పిల్లలకు పనికొస్తుందా? మలంలో నెగటివ్ వచ్చినంత మాత్రాన క్షయ లేదని తేల్చలేరని తెలుసు. అలా వచ్చినప్పుడు మీ డాక్టరు ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టారా, గొట్టమే వేయించారా? సోమవారం మళ్లీ రమ్మన్నారు.