మౌనరాగం: ఏడాది గడువు, చీకటి ఇల్లు, కార్తీక్ ఫ్లాష్‌బ్యాక్

రీలుపెట్టె:
మణిరత్నం ‘మౌనరాగం’ (1986) తెలుగు డబ్బింగ్ చూశాక మూడు సందేహాలు మిగిలాయి. ఇష్టం లేని పెళ్లి చేసుకున్న దివ్య (రేవతి) భర్త చంద్రకుమార్ (మోహన్)ను విడాకులు అడిగితే, పెళ్లయి ఏడాది నిండాలంటాడు లాయరు. అది నిజంగా చట్టంలో ఉందా, కథ కోసం పెట్టారా? ఢిల్లీ ఇంటి సీన్లు టీవీలో మరీ నల్లగా ఉన్నాయి, ప్రింటు పాడైందా? దివ్య పాత ప్రేమికుడిగా కార్తీక్ వచ్చే ఫ్లాష్‌బ్యాక్ వేరే సినిమా తెచ్చి అతికించినట్టుంది, ఎందుకలా?

కోర్టుమెట్లు:
ఉందండీ. హిందూ వివాహ చట్టం 1955లో 14వ సెక్షన్. పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్‌ను కోర్టు మామూలుగా తీసుకోదు. భరించలేని కష్టమో, దారుణమైన ప్రవర్తనో ఉంటే ప్రత్యేక అనుమతి అడగొచ్చు. చంద్రకుమార్ అంత మెత్తని మనిషి కాబట్టి దివ్యకు ఆ దారి లేదు. 1976 సవరణకు ముందు ఈ గడువు మూడేళ్లు. పరస్పర అంగీకారపు విడాకులు, అంటే 13బి, వచ్చిందీ ఆ సవరణతోనే.

13బి కింద ఏడాదిపాటు విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక మరో ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకముందే ఇద్దరూ మళ్లీ కోర్టుకు రావాలి. ‘విడిగా’ అంటే వేరే ఇల్లే అక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా మెలగకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. దివ్య, చంద్రకుమార్ ఉన్నది సరిగ్గా అలాగే. ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చన్నది 2017 తీర్పు. ఆ రోజుల్లో ఆ వెసులుబాటు లేదు. కథ మొత్తం నిలబడింది ఈ గడువు మీదే. అది లేకపోతే ఆమె మర్నాడే మద్రాసు రైలెక్కేది!

వెలుగునీడ:
ప్రింటు సంగతి చూడకుండా చెప్పలేను గానీ, చీకటి మాత్రం కెమెరామన్ పి.సి. శ్రీరామ్ కావాలని పెట్టిందే. కిటికీ వెలుతురు, టేబుల్ ల్యాంపు వెనక నుంచి పడి, మొహం సగం నీడలో ఉంటుంది. ‘గీతాంజలి’ (1989)కి కెమెరా కూడా ఆయనదే, పోల్చి చూడండి.

టీవీలో ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. డైనమిక్ కాంట్రాస్ట్, గది వెలుతురును బట్టి మారే సెన్సర్, మోషన్ స్మూతింగ్ మూడూ ఆపేయండి. మొదటి రెండే నీడల్ని మింగేస్తాయి. తర్వాత రాత్రి సీను ఒకటి ఆపి బ్రైట్‌నెస్ కొద్దికొద్దిగా పెంచండి. జుట్టు అంచు గోడ నుంచి విడిపడి కనిపించగానే ఆగాలి. నలుపు బూడిదరంగుకు తిరిగిందంటే ఎక్కువైనట్టే. మొహాలు వెడల్పుగా సాగితే స్క్రీన్ సైజు ‘ఒరిజినల్’కి మార్చండి.

సన్నజాజి:
అతుకనిపించడానికి కారణముంది. మొదట ‘దివ్య’ అనే పేరుతో రాసుకున్న కథలో ఆ ప్రేమికుడే లేడు. భర్త మీద ఆమె విముఖత ప్రేక్షకులకు సబబుగా అనిపించాలని తర్వాత చేర్చారు. నా మటుకు ఆ చేర్పు లేకపోయినా, ముక్కూ మొహం తెలియనివాడు తాకితే గొంగళిపురుగు పాకినట్టుందనే ఆమె మాట ఒక్కటీ చాలు.

కోర్టుమెట్లు:
సన్నజాజి గారూ, ఇక్కడ ఒప్పుకోలేను. రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఆ ప్రేమికుడు మనోహర్ చనిపోవడం చూశాకే ఆమె మౌనం పొగరు కాదని తెలుస్తుంది. అల్లరిగా పరిగెత్తే ఆ భాగం పక్కనుంటేనే ఢిల్లీ ఇంటి నిశ్శబ్దం అంత బరువుగా తగులుతుంది.

సన్నజాజి:
ఆ నిశ్శబ్దం మాట నిజమే. రీలుపెట్టె గారూ, ఈసారి తమిళంలో చూడండి. డబ్బింగ్ అయితే మోహన్ గొంతు పోతుందని బెంగ వద్దు, తమిళంలోనూ ఆయనకు గొంతు ఇచ్చింది డబ్బింగ్ కళాకారుడు ఎస్.ఎన్. సురేందరే. తేడా పాటల్లో. మనకు ‘మల్లెపూల చల్లగాలి’గా తెలిసిన పాట అక్కడ ‘మండ్రం వంద’, వాలి రాశారు. ఇళయరాజా ఆ బాణీనే 2007లో హిందీ ‘చీనీ కమ్’కి మళ్లీ వాడారు, దానికీ కెమెరా శ్రీరామ్‌దే. అన్నట్టు పట్టీల సీను వదలొద్దు. భర్త పట్టీలు, విడాకుల కాగితాలు రెండూ ముందు పెడితే ఆమె కాగితాలు తీసుకుంటుంది. ఆ పట్టీలు ఆమె కాళ్లకు ఎప్పుడొచ్చాయో గమనించండి.