అప్‌డేట్: సెప్టిక్ పర్మిట్ వచ్చింది, ఇల్లు ఇంకా రాలేదు

టెక్సస్‌లో కొన్న రెండెకరాల్లో ఫ్యాక్టరీలో తయారైన ఇల్లు దింపించాలంటే ముందు ఏ పర్మిట్ తీసుకోవాలని అడిగాను కదా. సెప్టిక్ ట్యాంకు సంగతి ముందు తేల్చుకోమని మీరన్నారు, అదే నిజమైంది. మట్టి ఎలా ఉందోనని బ్యాక్‌హో (తవ్వే యంత్రం)తో రెండు గుంతలు తవ్వి చూశారు. లోపలంతా మన గుంటూరు వైపు ఉండే నల్లరేగడే! తడిస్తే జిగట, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. నీళ్లు ఇంకవు కాబట్టి ట్యాంకు నీళ్లను మట్టిలోకి ఇంకించే మామూలు డ్రెయిన్ ఫీల్డ్ కుదరదన్నారు. మురుగుకు గాలి పట్టించి, శుద్ధయిన నీటిని స్ప్రింక్లర్లతో చల్లే ఏరోబిక్ సిస్టమ్ పెట్టాలట. ఖర్చు పెరిగింది, ఏం చేస్తాం. ఇల్లు అమ్మినవాళ్ల మాట నమ్మి ముందే కంకర పరిపించాను, ఇప్పుడు పైపు కోసం అక్కడే తవ్వాలి. రోడ్డు పక్క కాలువ మీదుగా దారి వేసుకునే కల్వర్టు పర్మిట్ మాత్రం తేలిగ్గానే వచ్చింది. రెండు ముక్కలుగా వచ్చే ఇల్లాయె, ట్రక్కు తిరగాలని గేటు పక్క కంచె పీకేశాం. కరెంటు స్తంభం ఇంకా పడలేదు.